ఇబ్బంది చుట్టాల్ని వెంటేసుకొస్తుంది

మొన్నామధ్య ఒక ఫైర్ సేఫ్టీ రిపోర్టు నా ఫోన్లోకొచ్చి పడింది. మా ఊరు, ఒరిస్సా బరంపురంలో హైవే వైపు కట్టిన ఒక ఫంక్షన్ హాలుది, పేరెందుకులెండి. ఓనరు గారి బావమరిది నాతోపాటు చదువుకున్నవాడు, "ఒరేయ్ ఊరికే ఓసారి చూడరా, సంతకం గింతకం అక్కర్లేదు" అని వాట్సాప్‌లో పంపించాడు. 46 పేజీలు. ముందు సగం అంతా రంగురంగుల బొమ్మలు, హాల్లో పొగ ఎలా నిండుతుందో సిమ్యులేషన్ చేసినవి. వెనకాల టేబుళ్ళు. చివరి పేజీలో బోల్డ్‌లో రెండు అంకెలు: జనం మొత్తం బయటపడ్డానికి కావలసిన టైం 187.4 సెకన్లు, పొగ తలల ఎత్తుకి దిగిపోయేలోపు దొరికే టైం 240 సెకన్లు. మిగులు 52.6 సెకన్లు. కాబట్టి రెండు పెద్ద తలుపులు చాలు, చేతులు కడుక్కునే చోట ఉన్న మూడో తలుపు మూసేసి ఆ సందులో స్టోర్ రూం కట్టుకోవచ్చు అని తేల్చేశారు.

నేనీ ఫైర్ పనిలోకొచ్చి పద్దెనిమిదేళ్ళయింది, కొన్నాళ్ళు గల్ఫ్‌లో చేసి, అమ్మకి బాగోక మళ్ళీ ఇక్కడికొచ్చేశా. ఇలాంటి రిపోర్టులు నేనూ రాశా, అబద్ధం ఎందుకు. కానీ ఆ రోజెందుకో ఆ 187.4 దగ్గర ఆగిపోయా. 187 సరే. ఆ పాయింట్ నాలుగేంటి? పెళ్ళిలో ఎవరికి తెలుస్తుందది, సెకనులో పదో వంతు లెక్కన ముసలమ్మ కుర్చీలోంచి లేస్తుందా?

పాయింట్ నాలుగు ఎక్కడిది

వెనక టేబుళ్ళలో వెతికితే దొరికింది. హాలు 25 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, మొత్తం 450 చదరపు మీటర్లు. మనిషికి 1.4 చదరపు మీటర్లు అని వేసుకున్నారు, జనం కాస్త పల్చగా ఉండే చోటికి కోడ్ (భవనాల భద్రత రూల్సు పుస్తకం) ఇచ్చే అంకె అది. 450ని 1.4తో భాగిస్తే 321.43 మంది. రెండు తలుపులు, ఒక్కోటి మీటరున్నర, మీటరు వెడల్పుకి సెకనుకి 1.3 మనుషులు దాటతారు అనుకుంటే 82.4 సెకన్లు. దానికి అలారం మోగడానికి 45, జనం లేవడానికి 60 కలిపితే 187.4. అంటే ఆ పాయింట్ నాలుగు పుట్టిందే 0.43 మనిషితో సహా లెక్కేసిన జనంలోంచి! పొట్టివాడు కూడా కాదు, సగానికి తక్కువ మనిషి.

ఇది ఎగతాళికి చెప్పట్లేదు. లెక్క తప్పని కూడా అనట్లేదు, కూడికలూ భాగహారాలూ అన్నీ కరెక్టే. నా బాధేంటంటే ఆ దశాంశం చూసినవాడికి ఇందులో ప్రతీదీ అంత గట్టిగా తెలుసు కాబోలు అనిపిస్తుంది. నిజానికి అందులో ఒక్కో అంకె పక్కన ఒక్కో అనుమానం కూర్చుని ఉంది, రిపోర్టులో వాటికి మాత్రం చోటు లేదు.

ఉదాహరణకి ఆ 1.4. అదే కోడ్‌లో జనం దగ్గరదగ్గరగా కూర్చునే చోటికి 0.65 అని ఉంటుంది. మన పెళ్ళిళ్ళలో ముహూర్తం టైంకి స్టేజి ముందు కుర్చీలు ఎలా వేస్తారో మీకు తెలుసు, మోకాళ్ళకి మోకాళ్ళు తగులుతుంటాయి, పిల్లలు ఒళ్ళో, ఇంకొంతమంది వెనకాల నిలబడి. 0.65తో వేస్తే అదే హాల్లో 692 మంది. రెట్టింపు దాటింది. రెండూ కోడ్‌లో ఉన్నవే, ఏది తీసుకున్నా కోడ్ ప్రకారమే చేశాం అనొచ్చు. ఇంకోటి, తలుపు వెడల్పు మొత్తం జనం వాడుకోరు, రెండు పక్కలా ఓ 15 సెంటీమీటర్లు తగ్గించుకోమని ఈ ఫార్ములా ఇచ్చినవాళ్ళే చెప్తారు. అప్పుడు మీటరున్నర తలుపు మీటరూ ఇరవైకి తగ్గుతుంది. ఈ రెండూ కలిపి వేస్తే 82 కాస్తా 222 సెకన్లు. మూడో తలుపు మీటరూ ఇరవైది, అది తెరిచి ఉంచితే అదే జనానికి 161. ఆ తలుపునే కదా మూసేయమన్నారు!

అటు 240 సంగతి. నిప్పు ఎంత జోరుగా పెరుగుతుంది అన్నదానికి మా లెక్కల్లో నాలుగు మెట్లుంటాయి, దాదాపు ఒక మెగావాట్‌కి చేరడానికి 600 సెకన్లు, 300, 150, 75. వాళ్ళు 300ది తీసుకున్నారు. స్టేజి వెనక ప్లాస్టిక్ పూలు, పాలిస్టర్ గుడ్డలు, థర్మాకోల్ నెమళ్ళు పెట్టుకుని 300 అనడానికి నాకు మనసొప్పదు, 150 వేశా. 240 వచ్చి 180 దగ్గర ఆగింది. (మా ఊరు పట్టుకి పేరు, పట్టు మంటకి అంత తొందరగా లొంగదు, కానీ పెళ్ళికూతురి ఒంటిమీద తప్ప మండపంలో పట్టెక్కడుంది ఇప్పుడు.)

అక్క కొడుకు పెళ్ళి వీడియో

ఇక ఆ 60 సెకన్లు. అలారం మోగాక జనం "సరే పోదాం" అని కుర్చీలోంచి లేవడానికి పట్టే టైం. ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే మెత్తటి నేల ఇదే, కాలు పెడితే ఎంత లోతుకి దిగుతుందో చెప్పలేం. బ్రిటిష్ వాళ్ళ పీడీ 7974-6 అనే గైడ్ ఉంది, సిబ్బందికి మంచి ట్రైనింగూ సరైన అలారమూ ఉన్నచోట మొదటి మనిషి కదలడానికి అరనిమిషం, ఏదీ సరిగ్గా లేనిచోట పదిహేను నిమిషాల పైన వేసుకోమంటుంది. అర నిమిషం ఎక్కడ, పావుగంట ఎక్కడ. మన హాలు ఈ రెండిటి మధ్యన ఎక్కడుందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

నాకు మాత్రం ఒక కొలత ఉంది. మూడేళ్ళ కిందట మా అక్క కొడుకు పెళ్ళి, ఇలాంటి హాల్లోనే, రాత్రి ముహూర్తం. జీలకర్రబెల్లం పెట్టించే టైంకి స్టేజి వెనకాల సీరియల్ లైట్ల వైరు ఎక్కడో కాలి, వెనక కట్టిన గుడ్డ అంటుకుని పొగ మొదలైంది. నేను అప్పుడు రెండో వరసలో ఉన్నా. ఫైర్ కన్సల్టెంట్‌ని, రెండో వరసలో, ఆ పొగ చూసి ఏమనుకున్నానో తెలుసా? హోమం పొగ అనుకున్నా. సాంబ్రాణేమో అనుకున్నా. పంతులు గారు మంత్రం ఆపలేదు, మేళం ఆగలేదు, ఫొటోగ్రాఫర్ "అక్కా ఇటు చూడండి" అంటూనే ఉన్నాడు.

తర్వాత ఆ పెళ్ళి వీడియో తెప్పించుకుని, ఎడిటింగ్ చెయ్యని ఫుటేజి, స్టాప్‌వాచ్ పెట్టుకుని చూశా. మా అక్క అనుకుంది తమ్ముడికి మేనల్లుడంటే ఎంత ప్రేమో అని. పొగ మొదటిసారి కెమెరాకి కనిపించినప్పటినుంచి వరసగా జనం లేచి కదలడం మొదలయ్యేసరికి 3 నిమిషాల 50 సెకన్లు. అంటే 230 సెకన్లు. ఆ మధ్యలో ఒక మామ్మగారు దగ్గి కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది, మళ్ళీ కూర్చుంది. ఒకాయన వెనక్కి తిరిగి చూసి ఫోన్ తీసి వీడియో తీశాడు. ఆఖరికి డెకరేషన్ కుర్రాడు ఒరియాలో అరిచాడు "నియా, నియా" (నిప్పు, నిప్పు) అని, అప్పుడు లేచారు. లేచినవాళ్ళు అందరూ ఎటెళ్ళారు? పదడుగుల దూరంలో పక్క తలుపుంటే దాన్ని వదిలేసి, వచ్చిన దారినే మెయిన్ గేటు వైపు. కొంతమందైతే ఎదురెళ్ళారు, స్టేజి మీదికి, పెళ్ళికూతురి నగల సంచీ కోసం, పిల్లల కోసం. జనం తెలిసిన దారినే పోతారని పుస్తకాల్లో ఎప్పుడో చదివా, కానీ సొంత చుట్టాల్ని చూస్తే గానీ ఒంటికి పట్టలేదు.

ఆ పక్క తలుపు మీద బోర్డు కూడా ఉంది మళ్ళీ. ఇంగ్లీషులో ఒకటి, ఒరియాలో ఒకటి. మా మగపెళ్ళివారిలో సగం మంది బస్సులో సోంపేట, ఇచ్ఛాపురం నుంచి వచ్చారు, వాళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళకి తెలుగు తప్ప వేరే అక్షరం రాదు.

అదృష్టం బాగుంది, ఎలక్ట్రీషియన్ గుడ్డ లాగి తొక్కేశాడు, ఇంకొకరు బిందెతో నీళ్ళు పోశారు, మా బావగారి కండువా అంచు కాలింది తప్ప ఎవరికీ ఏం కాలేదు, పావుగంటలో తలంబ్రాలు పోసుకున్నారు. మరి అలారం మోగలేదా అంటే, అదే చెప్పబోతున్నా. సీలింగ్‌కి ఉన్న స్మోక్ డిటెక్టర్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. హోమం చేస్తే మోగుతున్నాయని. ఆ పక్క తలుపుకి బయట తాళం, పిలవని వాళ్ళు ఆ దారిన వచ్చి భోజనం చేసి పోతున్నారని.

ఇప్పుడు ఆ రిపోర్టు లెక్కే మళ్ళీ వేద్దాం. 692 మంది, రెండు తలుపుల్లో ఒకటికి తాళం, లేవడానికి 230 సెకన్లు. ఒక్క తలుపులోంచి దాటడానికే 444. అన్నీ కలిపితే 719 సెకన్లు, పన్నెండు నిమిషాలు. (ఇవి నిజానికి ఇంత సూటిగా కూడేవి కావు, ముందు లేచినవాళ్ళు ముందు పోతారు, కానీ వరస అర్థమవుతుంది.) ఒకవైపు 187.4, ఇంకోవైపు 719. హాలు అదే, ఫార్ములా అదే.

ఎసరు పెట్టి బియ్యం పొయ్యకుండా

ఇక్కడ మా కుర్ర ఇంజనీరు ఒకడు నన్ను పట్టుకున్నాడు. "అన్నా, అన్నీ ఒకేసారి చెడ్డగా అనుకుంటే దేశంలో ఒక్క హాలూ పాస్ కాదు. జనం ఎక్కువ రావడానికి పదిలో ఒక ఛాన్స్ అనుకో, తలుపు తాళం పదిలో ఒకటి, డిటెక్టర్ పనిచెయ్యకపోవడం పదిలో ఒకటి. మూడూ కలిసి రావాలంటే వెయ్యిలో ఒకటి. దానికి నిప్పు అంటుకునే ఛాన్స్ కూడా కలుపు. దానికోసం మూడో తలుపు పెట్టిస్తావా?"

వాడి ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. అన్ని చెడ్డ అంకెలనీ ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే వచ్చేది భయమే తప్ప ఇంజనీరింగ్ కాదు. అందుకే మాంటీ కార్లో అని ఒక పద్ధతుంది, ఒక్కో అంకెకి బదులు ఒక్కో పరిధి ఇచ్చి, కంప్యూటర్‌తో పదివేల సార్లు పాచికలు వేయించినట్టు వేయించి, ఎన్నిసార్లు జనం బయటపడ్డారో లెక్కపెట్టడం. నేనూ చేశా చాలాసార్లు. చూడ్డానికి చాలా నిజాయితీగా ఉంటుంది. కానీ చాన్నాళ్ళు నాకొక చిన్న విషయం తట్టలేదు, దాన్ని నాకు చెప్పింది ఏ ప్రొఫెసరూ కాదు, ఒక వంటాయన.

సోంపేట వైపు ఆయన, బరంపురంలో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకి ఎక్కువగా ఆయనే వండుతాడు. ఆ వీడియో చూసిన రోజుల్లోనే ఇంకో పెళ్ళిలో కనిపిస్తే గాడిపొయ్యి పక్కన కూర్చుని అడిగా, మావయ్యా, ఎంతమంది వస్తారో నీకెలా తెలుస్తుంది అని.

"తెల్దు బాబు. తెల్సునని సెప్పినోడు అబద్ధాలాడతన్నాడు. నాను ఎంతమందని అడగను. కార్డులెన్ని పంచినారు, బస్సులెన్ని, ముహూర్తం ఏ ఏళ, ఆ దినం ఊర్లో ఇంకెన్ని పెళ్ళిళ్ళున్నాయి, అయి అడుగుతాను."

అడిగి ఏం చేస్తావు?

"ఒక లెక్కకి ఒండతాను. ఇంకో పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచుతాను, బియ్యం కడిగి పక్కనెట్టుకుంటాను, పొయ్యను. రెండో బంతి లెగిసినాక గుమ్మంకాడికెళ్ళి సూస్తాను. అప్పుడు పోస్తాను, నేదంటే నేదు."

ఇంతలో నేను తెలివిగా అన్నా, మరి జనం ఎక్కువొచ్చినా వడ్డించేవాళ్ళు బానే ఉంటారు కదా, పాలూ పెరుగూ దొరుకుతాయి కదా, సర్దుకోవచ్చు అని. ఆయన నవ్వాడు. "జనం ఎక్కువొచ్చేది ఎప్పుడు? మంచి ముహూర్తం నాడు. మంచి ముహూర్తం నాడు వడ్డించీవోలు దొరుకుతారా? పెరుగు దొరుకుతాదా? గేస్ బండ దొరుకుతాదా? ఇబ్బంది ఒక్కత్తీ రాదు బాబు, సుట్టాల్ని ఎంటేసుకొని వస్తాది."

అదీ సంగతి. మా కుర్రాడి వెయ్యిలో ఒకటి ఎక్కడ తప్పిందో ఆ గాడిపొయ్యి పక్కన అర్థమైంది. పదిలో ఒకటి, పదిలో ఒకటి, పదిలో ఒకటి అని హెచ్చవేయాలంటే ఆ మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. మన హాల్లో అవి ముగ్గురూ అన్నదమ్ములు. పెద్ద ముహూర్తం కాబట్టి జనం ఎక్కువ, జనం ఎక్కువ కాబట్టి పిలవనివాళ్ళు రాకుండా తలుపుకి తాళం, పెద్ద పెళ్ళి కాబట్టి హోమం గట్టిగా, హోమం గట్టిగా కాబట్టి డిటెక్టర్‌కి కవరు. డెకరేషన్ కూడా ఆ రోజే ఎక్కువ, వైర్లూ ఆ రోజే ఎక్కువ, అంటే నిప్పు అంటుకునే ఛాన్స్ కూడా ఆ రోజే ఎక్కువ. పదిలో ఒక రోజు పెద్ద ముహూర్తం అనుకుంటే, ఆ మూడూ కలిసొచ్చే ఛాన్స్ వెయ్యిలో ఒకటి కాదు, పదిలో ఒకటికి దగ్గరగా ఎక్కడో ఉంటుంది. కంప్యూటర్ పదివేల సార్లు పాచికలు వేసినా, లక్షసార్లు వేసినా, పాచికలు విడివిడిగా వేస్తున్నంతసేపూ ఈ విషయం బయటపడదు. ఖాళీ రోజు తాళం, పెద్ద రోజు తెరిచిన తలుపు, ఇలాంటి ఎక్కడా జరగని పెళ్ళిళ్ళు వేలకొద్దీ చేయిస్తుంది అది, సగటు బ్రహ్మాండంగా వస్తుంది.

అందుకే సేఫ్టీ ఫ్యాక్టర్ అనే మాట మీద కూడా నాకు నమ్మకం తగ్గింది. చివర్లో వచ్చిన అంకెని ఒకటిన్నరతోనో రెండుతోనో హెచ్చవేసి చేతులు దులుపుకోవడం. 187.4ని రెట్టింపు చేసినా 375, 719కి ఇంచుమించు సగం. పైగా ఈ మార్జిన్ ఎవరు వేస్తారన్నదీ ఒక తమాషా. ఉమ్మడి కుటుంబంలో పప్పులో ఉప్పు లాంటిది, ఒక్కోసారి ముగ్గురు కోడళ్ళూ వేస్తారు, ఒక్కోసారి పక్కావిడ వేసే ఉంటుందిలే అని ముగ్గురూ వెయ్యరు. ఆర్కిటెక్టు అనుకుంటాడు కోడ్‌లోనే మార్జిన్ ఉందని, కన్సల్టెంట్ అనుకుంటాడు సాఫ్ట్‌వేర్‌లో ఉందని, ఓనరు అనుకుంటాడు ఇంతమంది పెద్దలు చూశారు కదా అని. రుచి చూసేవాడు ఎవడూ లేడు.

సాఫ్ట్‌వేర్ మాటొచ్చింది కాబట్టి చెప్తా. 2006లో గ్లాస్గోలో డాల్మర్నాక్ అనే చోట కూల్చేయబోయే ఒక అపార్ట్‌మెంట్‌లో నిజంగా ఒక ఫ్లాట్‌ని సామాన్లతో సహా తగలబెట్టి కొలిచారు, ఎడిన్‌బరా యూనివర్సిటీ వాళ్ళు. మంట పెట్టిన గది ఎలా ఉందో, సోఫా ఎక్కడుందో, చెత్తబుట్ట ఎక్కడుందో వివరాలన్నీ ఇచ్చి, ఏం జరుగుతుందో ముందే చెప్పండి అని వేరే వేరే టీములని అడిగారు. పది అంచనాలొచ్చాయి, అందులో ఎనిమిది ఒకే సాఫ్ట్‌వేర్‌తో చేసినవి. అయినా ఒకదానికొకటి పొంతన లేదు, చాలావరకు నిజంగా జరిగినదానికీ దగ్గర్లో లేవు. తర్వాత జవాబు తెలిశాక అదే సాఫ్ట్‌వేర్‌తో సరిపోయేలా చెయ్యగలిగారు. మన రిపోర్టులన్నీ ఆ మొదటి రకానివే, జవాబు తెలియకముందు రాసేవి. దానికి 46 పేజీల్లో సగం బొమ్మలు.

నేను ఆ హాలుకి వేసిన లెక్కల్లో, నిప్పు జోరు మారిస్తే తేడా 60 సెకన్లు. జనం లేవడం మారిస్తే 170. ఒక తలుపుకి తాళం వేస్తే 222. డబ్బూ టైమూ అంతా 60 సెకన్ల అనుమానం మీద పెట్టారు, పెద్ద అనుమానాలు రెండూ హాలు మేనేజర్ జేబులో తాళం చెవి దగ్గరా, పంతులు గారి హోమగుండం దగ్గరా ఉన్నాయి. వాటిని తేల్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఒక పెద్ద ముహూర్తం రాత్రి వెళ్ళి చూస్తే చాలు. ఎవరూ వెళ్ళలేదు.

లెక్కలోకే రానివి

అలాగని అన్ని అనుమానాలూ వెళ్ళి చూస్తే తేలేవి కావు. మాకు తుఫాన్లు అలవాటు, గంజాం జిల్లా వాళ్ళకి ఈ విషయం ఎవరూ క్లాసు చెప్పక్కర్లేదు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒరిస్సాలో దాదాపు పదివేలమంది పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పటికే లక్షలమందిని షెల్టర్లకి తరలించారు, చావులు పదుల్లోనే ఆగాయి. టీవీలో ఏం చూపించారు అప్పుడు? ఒక గీత గియ్యలేదు, ముందుకెళ్ళేకొద్దీ వెడల్పయ్యే తోక లాంటి బొమ్మ చూపించారు, ఇందులో ఎక్కడైనా రావచ్చు అని. చదువు లేని మా పాలు పోసే ఆమెకి కూడా అది అర్థమైంది, "ఇటొచ్చినా అటొచ్చినా మన్ని తగుల్తాది" అని గేదెల్ని విప్పేసి వెళ్ళిపోయింది. జనానికి అనుమానం చెప్తే గాభరా పడతారు, అంకె ఒకటే చెప్పాలి అనేవాళ్ళకి నా జవాబు ఇదే.

కానీ 2018లో తిత్లీ వచ్చింది. అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటింది, తీరంలో వాళ్ళకి గాలి గురించి హెచ్చరికలు అందాయి. గజపతి జిల్లా కొండల్లో మాత్రం వాన ముంచేసి కొండచరియ విరిగిపడి, ప్రాణం దక్కించుకోవడానికి గుహలో తలదాచుకున్నవాళ్ళే పోయారు. ఆ తోక బొమ్మ గాలి ఎటెళ్తుందో చెప్పింది, కొండ సంగతి అందులో లేదు.

మా రంగంలో దీనికి జోడీ కథ లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌ది. 1987 నవంబర్ 18, చెక్క ఎస్కలేటర్ కింద చిన్న మంట, చూసినవాళ్ళు పెద్ద విషయం కాదనుకున్నారు, ఉన్నట్టుండి టికెట్ హాల్లోకి నిప్పు ఎగదన్నింది, 31 మంది పోయారు. తర్వాత కంప్యూటర్ సిమ్యులేషన్ చేస్తే, మంట పైకి లేవకుండా ఎస్కలేటర్ గాడిలో పడుకుని పాకినట్టు వచ్చింది. నిపుణులే నమ్మలేదు, ప్రోగ్రాంలో తప్పుందనుకున్నవాళ్ళున్నారు, సీలింగ్ రంగుల మీద అనుమానపడ్డవాళ్ళున్నారు. చిన్న సైజు ఎస్కలేటర్ కట్టి తగలబెట్టి చూస్తే నిజంగానే మంట పడుకుంది. ట్రెంచ్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. అంతకుముందు ఎవరి రిస్క్ లెక్కలోనూ దానికి గడి లేదు.

ఈ కథ నాకు కాస్త ఇబ్బందికరమైనది కూడా, ఎందుకంటే ఇప్పటిదాకా సాఫ్ట్‌వేర్‌ని తిడుతున్నా, ఇక్కడ సాఫ్ట్‌వేరే కరెక్ట్, మనుషులే తప్పు. కాబట్టి బొమ్మలు పనికిరావు అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. మనం ఊహించనిది చూపించినప్పుడు అవి పనికొస్తాయి, మనం ముందే అనుకున్నదానికి ముద్ర వేయించుకోవడానికి వాడితే పనికిరావు. ఇలాంటి తెలియనివాటికి నా దగ్గరున్నది ఒకటే నాటు వైద్యం, ఒకదాని మీద ఇంకోటి ఆధారపడని దారులు ఉంచుకోవడం. మూడో తలుపు అలాంటిది. ఎందుకు పనికొస్తుందో నేను లెక్కలో చూపించలేని రోజున కూడా అది అక్కడ ఉంటుంది.

మరి సర్టిఫికెట్ సంగతి

నేను ఫ్రెండుకి ఒక పేజీ రాసిచ్చా. అంకె ఒకటే ఇవ్వలేదు. జనం 320 నుంచి 690 దాకా ఉండొచ్చు, 187 అనేది అన్నీ అనుకూలిస్తేనే, పెద్ద ముహూర్తం రోజు ఇవివి కలిసే చెడతాయి, వీటిలో ఏది తేలితే నిర్ణయం మారుతుంది అని. మూడో తలుపు మూయొద్దు, దానికి పానిక్ బార్ పెట్టించండి, లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయట్నుంచి ఎవరూ రాలేరు, మీ భోజనాల దొంగల బాధా తీరుతుంది. మండపం పైన స్మోక్ డిటెక్టర్ తీసి హీట్ డిటెక్టర్ పెట్టండి, అది నిదానంగా మోగుతుంది నిజమే, కవరు కట్టిన దానికంటే నయం. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ళు ఏళ్ళ తరబడి చూసి చెప్పేది కూడా ఇలాంటిదే, స్ప్రింక్లర్లు (మంటొస్తే సీలింగ్ నుంచి నీళ్ళు చల్లేవి) పనిచెయ్యకపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం సిస్టమ్‌ని ఎవరో ముందే ఆపేసి ఉండడం. ఇంకా, పెద్ద ముహూర్తం రోజు తలుపుకొకరు చొప్పున మనిషిని పెట్టండి, వాళ్ళకి తెలుగులో అరవడం రావాలి. ఎసరు పెట్టి ఉంచడం లాంటిదే ఇదీ.

ఫ్రెండు ఫోన్ చేశాడు. "బావగారు చదివారు. బానే ఉందన్నారు. కానీ ఇంతకీ సేఫా కాదా అని అడుగుతున్నారు."

చిన్న కార్యక్రమాలకి సేఫు, పెద్ద ముహూర్తానికి ఇవి చెయ్యకపోతే కాదు అన్నా.

"అలా రెండు మాటలంటే ఎలా రా, ఆఫీసులో ఒక గడే ఉంటుంది, టిక్కు పెట్టడానికి."

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సంతకం పెట్టేవాడికి అవునో కాదో కావాలి, అది తప్పు కూడా కాదు, ఎవరో ఒకరు ఒక మాట మీద నిలబడాలి కదా. అనుమానాలు రాస్తే ఇంకో ప్రమాదమూ ఉంది, నేను 320 నుంచి 690 అంటే ఓనరు చదివేది 320 వరకే. మా కుర్రాడు అన్నట్టు క్లయింట్ పక్క వీధిలో ఇంకొకరి దగ్గరకి పోతాడు, అక్కడ 187.4 దొరుకుతుంది. నాకు తోచింది ఒకటే, ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టేముందు "ఏ షరతుల మీద" అని ఒక లైను ఉండాలి, ఆ లైను హాలు మేనేజర్‌కి అర్థమయ్యే మాటల్లో, ఆయన గోడకి అంటించుకునేట్టు ఉండాలి. లైను లేని టిక్కు మీద నేను సంతకం పెట్టడం మానేశా, దానివల్ల పోయిన పనులు పోయాయి.

మొన్న ఆదివారం ఆ హాల్లోనే ఒక పెళ్ళికి వెళ్ళా, పిలిచారు కాబట్టే లెండి. స్టోర్ రూం కట్టలేదు. మూడో తలుపుకి పానిక్ బార్ లేదు గానీ తాళం కూడా లేదు, ఒక కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అడ్డంగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవడినైనా లోపలికి రానిస్తావా అంటే "నై బాబు" అన్నాడు, మంటలొస్తే ఏం చేస్తావు అంటే కుర్చీ తీసి చూపించాడు, నిజంగా లేచి, కుర్చీ ఎత్తి పక్కన పెట్టి, తలుపు తోసి చూపించాడు. సరిగ్గా నాలుగు సెకన్లు పట్టింది.

తర్వాత తలెత్తి సీలింగ్ చూశా. డిటెక్టర్లు పద్నాలుగు, పదకొండుకి కవర్లున్నాయి.